పద్నాలుగు మాత్రలు

"ఏమ్మా, ఎక్కడ తిరిగొచ్చావ్?"

సూపర్‌వైజరు చీటీ పైకెత్తి లైనంతా వినేలా చదివాడు. తెల్లబట్ట, మంట, దురద. చొక్కాలకు కాజాలు కుట్టే ఆమె, అందరికీ కాజాలక్క, సిగ్గుతో చచ్చిపోయింది.

ఆ కంపెనీలో రూలు అది. డాక్టరు దగ్గరికి పోవాలంటే రోగం చీటీ మీద రాసి వాడి సంతకం పెట్టించుకోవాలి. డాక్టరు రాయందే మందు రాదు. పొద్దున ఎనిమిదికి గేటుకు తాళం పడితే మళ్ళీ తీసేది చీకటి పడ్డాకే. అరవైమంది ఆడవాళ్ళకు బాత్రూముకి పోను టోకెన్లు రెండే. తడిసిన గుడ్డ మార్చుకునే వీలుండదు. రోగాలు రాక రత్నాలు రాలతాయా?

పరువు వదులుకుని ఆమె తెచ్చుకున్నవి పద్నాలుగు మాత్రలు. పొద్దునొకటి, రాత్రొకటి, ఏడు రోజులు. సంగతి తెలిసి ఆరుగురు చుట్టూ చేరారు. వాళ్ళకూ అదే మంట.

"నాకూ రెండివ్వక్కా, నీ కాళ్ళు మొక్కుతా," అంది కాలర్లు కుట్టే పిల్ల.

తెచ్చుకున్న ముద్ద పంచుకు తినే లైను అది. కాజాలక్క తనతో కలిపి ఏడుగురికీ తలా రెండు పంచింది.

రెండు రోజులు నెమ్మదించింది. పదో రోజుకి అందరికీ తిరగబెట్టింది. సరిగ్గా కూర్చోలేక కాజాలక్క ఒక పక్కకి ఒరిగి కుట్టింది. ఏడవాలన్నా టోకెన్ కావాలి.

కంపెనీ నర్సు విషయం తెలిసి నెత్తి కొట్టుకుంది. "పిచ్చితల్లుల్లారా, మందేమన్నా అన్నం ముద్దా పంచుకోడానికి? ఎవరి కోర్సు వాళ్ళు పూర్తిగా మింగాలి. కొందరి మొగుళ్ళు కూడా వేసుకోవాలి. అందరూ చీటీలు రాయించుకోండి."

"చచ్చినా రాయించను," అంది కాలర్ల పిల్ల. "వాడు చదివితే మా ఆయన ఇంట్లోకి రానివ్వడు."

కాజాలక్కకు ఒళ్ళు మండింది. "మాత్రలు పంచుకున్నారుగా, తిట్లు మాత్రం నాకొక్కదానికే వదిలేశారే! రేపు అవీ పంచుకోండి."

ఆ మాట లైనంతా పాకింది. మర్నాడు అరవై చీటీలు సూపర్‌వైజరు బల్ల మీద పడ్డాయి. అన్నిటి మీదా అదే రోగం. కింద ఇంకో మాట, టోకెన్ల పద్ధతి తీసేయాలని. ఏ రోగమూ లేని ముసలామె కూడా రాసింది. "ఈ వయసులో నాకిది గౌరవమేనే," అంది.

"చదువు సార్," అంది కాజాలక్క. "గట్టిగా చదువు."

మూడో చీటీకే వాడు కాగితాలు వదిలేసి మేనేజరు గదికి పరిగెత్తాడు. మిషన్లన్నీ ఆగాయి. మేనేజరు దిగొచ్చి, "పని మొదలెట్టేదాకా గేటు తీసేది లేదు," అని రెండో తాళం వేయించాడు.

కాలర్ల పిల్ల గేటు వైపు చూసింది. కాజాలక్క ఆమె చెయ్యి పట్టుకుని, ఆ మంటతోనే నేల మీద చతికిలబడింది. లైను లైనంతా కూర్చుంది.

"వేసుకో సార్ తాళం. మా అరవైమందినీ చూడ్డానికి డాక్టరు లోపలికి రావాలంటే నువ్వే తియ్యాలి. అప్పటిదాకా నీ చొక్కాలూ మాతోపాటు లోపలే ఉంటాయి."