చేతులు నావి, కాళ్లు నాన్నవి

ఆ ఆదివారం మధ్యాహ్నం మా ఇంట్లో నాన్న, ఓటీలీ అత్త, ఊరి పాస్టరు, పట్నం నుంచి తనిఖీకి వచ్చిన పెద్దపాస్టరు, నేను ఉన్నాం. ఆర్గాన్‌కు గాలి అందించే తిత్తులు తొక్కే మైకేల్ వంటింట్లో సూప్ తాగుతున్నాడు.

నాన్న చర్చిలో ఆర్గాన్ వాయిస్తారు, బడిలో పాటలు నేర్పుతారు. పోయిన చలికాలం నుంచి ఆయన చేతులు రెండూ మొద్దుబారిపోయాయి. బడిలో గొంతుతోనే నెట్టుకొస్తున్నారు. ఆర్గాన్ ఉండే చర్చి మేడ మీద మాత్రం ఇద్దరం ఒకే బల్ల మీద కూర్చుంటాం. చేతులు నావి, కింద కాళ్లతో వాయించే కాలిమెట్ల మీద కాళ్లు నాన్నవి. తెర ఉంటుంది కనుక మైకేల్‌కి తప్ప ఎవరికీ తెలియదు.

ప్రభు భోజనమప్పుడు పాస్టరు రొట్టె ఎత్తగానే ఆర్గాన్ మొదలవ్వాలి. అందరూ తీసుకున్నాక, చివరగా ఆర్గాన్ ఆపి నాన్న దిగి వెళ్తారు. ఆ రోజు పొద్దున పెద్దపాస్టరు మర్యాద కొద్దీ, “ముప్పై ఏళ్లుగా సేవ చేస్తున్న వెండ్లర్ గారు ముందు రావాలి” అని పిలిచారు. నాన్న వెళ్లారు. కింద జరిగేది కనపడేలా ఆర్గాన్ మీద పెట్టిన అద్దంలో రొట్టె పైకి లేచింది. నా చేతులు అలవాటుగా మొదలుపెట్టాయి. అద్దంలో నాన్న మోకాళ్ల మీద ఉన్నారు. తలలన్నీ మేడ వైపు తిరిగాయి.

“మంచి ఆర్గాన్ మీది. దానంతటదే వాయిస్తుంది,” అన్నారు పెద్దపాస్టరు మధ్యాహ్నం మా భోజనాల బల్ల దగ్గర.

వంటింట్లో మైకేల్ ఒక్కడే నవ్వాడు.

“ఎవరు వాయించారు?”

“నేనే అనుకోండి అయ్యగారూ,” అన్నారు నాన్న.

“మీరు నా ఎదురుగా మోకరించారు కదండీ.”

“వాళ్ల నాన్నకి చేతులు మొద్దుబారాయి. ఆయన చెప్పిందే చేసింది పిల్ల,” అంది అత్త. “ఇంకాస్త కాఫీ పొయ్యనా?”

“పొయ్యండి. వెండ్లర్ గారూ, ఈస్టరు వరకూ మీరే ఉండండి. మీ చేతులకు బదులు ఒక మనిషిని పంపిస్తాను. ఆడపిల్ల మాత్రం మళ్లీ మేడ ఎక్కకూడదు. మాటివ్వండి.”

నాన్న నా చేతుల వైపు చూశారు. “సరేనండి,” అన్నారు.

వాళ్లు వెళ్లిపోయారు. నేను కప్పులు కడిగాను.

నాలుగు కొట్టింది. రోజూ నాలుగింటికి ముందుగదిలో పాత పియానో దగ్గర మా సాధన. చేతులు తుడుచుకుని వెళ్లాను. నాన్న బల్ల మీద ఒక పక్కకు జరిగి, నా చోటు వదిలి కూర్చున్నారు. నన్ను చూసి లేచారు.

“మాటిచ్చాను కదమ్మా.”

“అది మేడ సంగతి కదా నాన్నా.”

“ఇక్కడ వాయిస్తే అక్కడికి వెళ్లాలనిపిస్తుంది. అత్తకి సాయం చెయ్యి, పో.”

తలుపు పిడి మీద ఆయన వేళ్లకు పట్టు దొరకలేదు. మోచేత్తో నెట్టి మూశారు.