పోలీసులు తినే అంగడి

తిరుమణి రోడ్డు పక్కన హోటలు తెరిచిన నాడు నా చేతిలో ఉన్నవి ఇవి: పావగడ బజారులోని మా నాన్న అంగడిలో నా వాటాగా వచ్చిన లక్షా ఎనభై వేలు, రెండు పెద్ద పొయ్యిలు, మరమరాల ఉగ్గాని నుంచి బొబ్బట్లలాంటి ఓలిగ దాకా ఏదైనా చేయగల నా భార్య కాంతామణి, మా నాన్న చెప్పిన ఒక మాట. ఖాకీ బట్టలవాడికి బిల్లు చెప్పకు, అన్నాడు ఆయన. అప్పుడే సోలార్ పార్కు పనులు మొదలయ్యాయి. వేరుశనగ పండే భూములు కౌలుకు పోయి కంచెలు లేస్తున్నాయి. కూలీలు, లారీలు, కంపెనీ జీపులు. అంత జనం వచ్చే చోట మన బెంచీ మీద పోలీసు ఒకడు కనిపిస్తే మంచిదేనని నాకూ అనిపించింది.

ఆరేళ్లు బైలప్ప ఆ బెంచీ మీద కూర్చున్నాడు. బీటు కానిస్టేబులు. పొద్దున ఒక ప్లేటు ఉగ్గాని, రెండు బజ్జీలు, టీ. సాయంత్రం ఇంకో టీ. తిన్నాక చెయ్యి జేబు వైపు పోనిచ్చేవాడు. నేను "ఉండనీ సార్" అనేవాణ్ణి. చెయ్యి వెనక్కి వచ్చేది. ఆరేళ్లలో ఒక్కసారి కూడా అది జేబు లోపలికి పోలేదు. నేను దాన్ని దానం అనుకోలేదు, మర్యాద అనుకోలేదు. అంగడికి తాళం కొన్నట్టే అనుకున్నాను. తాగివచ్చి గొడవపడే లారీ డ్రైవరు కూడా బైలప్పను చూసి గొంతు తగ్గించేవాడు. లెక్క సరిపోయింది.

తరువాత గిరీశ్ వచ్చాడు. శిరా వైపు నుంచి బదిలీ మీద వచ్చిన హెడ్ కానిస్టేబులు. మొదటి రోజు టీ తాగి లేచి గల్లా దగ్గరికి వచ్చాడు. అందరూ శెట్టీ అనే నన్ను కన్నడ మర్యాదతో పిలిచాడు.

"ఎంత, శెట్రే?"

"ఉండనీ సార్. మీ దగ్గర తీసుకుంటానా?"

"ఎందుకు తీసుకోరు? మీ పాలు ఊరికే వస్తా ఉండాయా?"

"ఈ అంగడి మీదే అనుకోండి సార్."

"నాదైతే గల్లాలో నేనే కూర్చుంటా కదప్పా. ఎంతో చెప్పండి."

పన్నెండు అన్నాను. ఫోనులో కొట్టి, డబ్బు వచ్చినట్టు నా ఫోను మోగేదాకా నిలబడి, అప్పుడు కదిలాడు. బైలప్ప తన గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు.

సాయంత్రం కాంతామణితో అన్నాను. "ఆయప్పకు నా మీద ఏదో ఉండాది."

"టీ తాగినాడు, దుడ్డు ఇచ్చినాడు. ఇంకేముండాది?"

"పోలీసోళ్లు ఊరికే ఇస్తారా?"

"అయితే నాకూ భయమైతా ఉండాది. పొద్దున నుంచి గిరాకీ అంతా దుడ్డు ఇచ్చే పోతా ఉండారు!"

నాకు నవ్వు రాలేదు. ఆ నెలలోనే పార్కులో ఒక ప్లాంటు నుంచి రాగి కేబులు పోయింది. గిరీశ్ రోజూ వచ్చి కూర్చునేవాడు, రోజూ డబ్బిచ్చేవాడు, వచ్చేపోయేవాళ్లను చూసేవాడు. నన్నే చూస్తున్నట్టు ఉండేది. బైలప్పను అడిగాను.

"ఇంట్లో నుంచి చద్ది కట్టుకొచ్చుకునే మనిషి శెట్టీ. అట్లాటోణ్ణి నమ్మేకి లేదు" అన్నాడు.

ఏ సరుకైనా తూకం వేయకుండా తీసుకోని నేను, తిననివాడి గురించి తినేవాడు చెప్పిన మాటను మాత్రం అలాగే తీసుకున్నాను.

ఆదివారం కాంతామణి చేత ఓలిగలు చేయించి, స్టీలు డబ్బాలో పెట్టి, గిరీశ్ ఉండే అద్దె గదికి పోయాను. అతను లేడు. ఆ ఇంటి యజమానురాలు పుట్టమ్మకు ఇచ్చి వచ్చాను. మరునాడు టిఫిను వేళ, బెంచీలన్నీ నిండి ఉండగా, ఆ డబ్బా తెచ్చి గల్లా మీద పెట్టాడు. మూత కూడా తీయలేదు.

"ఏం కావాలప్పా నీకు?"

అంతవరకు "మీరు" అన్న మనిషి.

"ఏమీ వద్దు సార్. ఇంట్లో చేసినారు, అందుకని..."

"మీ ఇంట్లో చేస్తే నా గదికి ఎందుకొస్తాది? నెల నుంచి చూస్తా ఉండా. నేను దుడ్డు ఇచ్చినప్పుడంతా నీ మొగం మాడిపోతాది. ఇస్తే భయపడే అంగడాయన్ని ఈడే చూసినా. వెనకాల ఏముండాది?"

"కట్టెలు సార్."

"చూపించు."

వెనక రేకుల షెడ్డు తాళం నేనే తీశాను. సోలార్ ప్యానెళ్లు వచ్చిన చెక్క పెట్టెల పలకలు పైకప్పు దాకా ఉన్నాయి. ప్లాంటు స్టోరులో పనిచేసే చందన్ నెలకో ఆటో తెచ్చి, తనే పేర్చి పోయేవాడు. బిల్లు లేని సరుకు. గ్యాసులో సగం ఖర్చు. గిరీశ్ ముందరి వరుస తీయించాడు. గోడ పక్కన గోనె సంచులు బయటపడ్డాయి. వాటిలో పైతొడుగు వలిచిన రాగి తీగ.

బెంచీల మీద తినడం ఆగిపోయింది. బైలప్ప ఉగ్గాని సగంలో వదిలి బండి తీశాడు.

"నాకు తెల్దు సార్. నా బిడ్డల మీద ఒట్టు."

"బిడ్డల్ని ఎందుకు తెస్తావు? ఎవరు పేర్చినారు?"

"చందన్."

"వెనక వరుస ఎప్పుడూ చూడలేదా?"

"ముందర్దే తీసుకుంటా సార్. అది అయ్యేలోపల ఇంకో ఆటో వస్తాది."

సాయంత్రం దాకా స్టేషన్లో కూర్చున్నాను. నా పేరు దొంగల్లో రాస్తారా, సాక్షుల్లో రాస్తారా? దొంగల్లో రాస్తే అంగడి మూతే. మధ్యాహ్నం బైలప్ప నీళ్ల డ్రమ్ము దగ్గరికి వచ్చినప్పుడు పట్టుకున్నాను.

"ఆరేళ్లు చూసినావు కదా సార్. నేను అట్లాటోణ్ణి కాదని ఒక మాట చెప్పు."

"నేను నోరు తెరిస్తే, నువ్వు యాడ తింటావని ముందు నన్నే అడుగుతారు శెట్టీ. రిటైరయ్యేకి రెండేండ్లు ఉండాది. నన్ను కలుపుకోవద్దు."

చందన్‌ను బలసముద్రంలో పట్టుకొచ్చారు. ఎస్సై నా ఎదుటే అడిగాడు.

"ఇంత బయలుండగా హోటల్లో ఎందుకు పెట్టినావురా?"

"పొద్దూ మాపూ పోలీసోళ్లు ఊరికే తినే జాగా సార్. ఆడ ఎవరు వెతుకుతారు?"

"శెట్టికి తెల్సా?"

"తెలిస్తే వాటా అడగడా సార్?"

ఎస్సై నవ్వాడు. ఫిర్యాదు మీద వచ్చి పక్కనే కూర్చున్న కంపెనీ సెక్యూరిటీ ఆఫీసరు నవ్వలేదు. "మీ వాళ్లంతా ఈయన ఉప్పు తిన్నోళ్లే. ఈయన్ని వదిలేస్తారని నాకు తెలుసు" అన్నాడు.

గిరీశ్ రాస్తున్న కాగితం మీద నుంచి తల ఎత్తాడు. "ఈయన టీ నేను కొనుక్కుని తాగినా సార్. తాళం ఈయనే తీసినాడు, అడిగిన వెంటనే పేరు చెప్పినాడు. కోర్టులో చెప్పాల్సింది నేనే."

అదే కాగితంలో, ఆ పలకలు నేను బిల్లు లేకుండా కొన్నానని కూడా గిరీశ్ రాశాడు. నేను బతిమాలినా ఆ వాక్యం తీయలేదు.

నాలుగు రోజులు మూసిన హోటలు మళ్లీ తెరిచాక గిరీశ్ టీకి వచ్చాడు. "పన్నెండు" అన్నాను.

"ఇంకా అనుమానమేనా శెట్రే?"

"ఉండాది సార్. నన్నెందుకు కాపాడినారో తెల్దు."

"నేను కాపాడలేదు. చూసింది రాసినా. నువ్వు దొంగవైతే అదీ రాసేవాణ్ణి."

అది నమ్మాను. అందుకే అతను బెంచీ మీద ఉన్నంతసేపూ ఇప్పటికీ నా వీపు నిటారుగానే ఉంటుంది.

పోయినవి: షెడ్డు నిండా కట్టెలు, నాలుగు రోజుల వ్యాపారం, కోర్టు వాయిదాలకు పోయే దినాలు, చవక కట్టెల మీద మిగిలే లాభం. బైలప్ప నాగలమడిక దారిలో ఇంకో హోటలు చూసుకున్నాడు. దాన్ని లెక్కలో ఏ వైపు వేయాలో తెలియక వదిలేశాను. వచ్చినవి రెండు: సాక్షుల జాబితాలో నాలుగో వరుసలో నా పేరు, రోజుకు రెండు టీలు కొనుక్కుని తాగే ఒక గిరాకీ.