థాన్ హావ్ రోజు

"నిన్న చక్కగా రోలు ముందు కూర్చున్నావుగా, ఇవాళేం వచ్చింది?" అనేది మా అత్తయ్య అంతోనమ్మ. డెబ్బై ఆరో సంవత్సరం వానాకాలంలో నాకు పట్టిన చలిజ్వరం రోజు విడిచి రోజు వచ్చేది. మర్నాడు లేవలేనని తెలుసు కనుక, జ్వరం లేని రోజున రుబ్బడం, ఉతకడం, నీళ్లు మోయడం, రెండు రోజుల చాకిరీ ఒక్కరోజులోనే చేసేదాన్ని. ఆ చాకిరీయే నామీద సాక్ష్యం చెప్పింది. బడిపంతులైన మా ఆయన దేవానందం కూడా, "నీ జ్వరానికి క్యాలెండరు చూడటం వచ్చే!" అని నవ్వారు. దుప్పటి కింద పళ్లు టకటకలాడుతుంటే ఆ నవ్వు విని ఎంత ఏడ్చానో!

తిరువూరు మిషను ఆసుపత్రిలో అప్పట్లో వియత్నాం నుంచి వచ్చిన సిస్టర్ లాన్ ఉండేవారు. చిన్న మనిషి, వచ్చీరాని తెలుగు. నేను నోరు తెరవకముందే, "రోజు వదిలి రోజు వస్తుంది కదా?" అన్నారు. నన్ను నమ్మిన మొదటి మనిషి ఆవిడే. మాత్రలిచ్చి, వాళ్ల ఊళ్లో ఈ జ్వరానికి థాన్ హావ్ అనే ఆకు కాచి తాగిస్తారని చెప్పారు. ఆ కషాయం వాసన వచ్చిన ఇంటి ఆడమనిషిని ఎవరూ పనికి పిలవరట.

"థాన్ హావ్ రోజు మా అమ్మ పడుకుంటుంది. జ్వరం లేని మర్నాడు కూడా పడుకుంటుంది" అన్నారు, కళ్లు తుడుచుకుంటూ.

సిస్టర్ తర్వాత ఏ దేశం వెళ్లారో తెలియదు. ఆ ఆకును నేనింతవరకూ చూడలేదు. ఆ పేరు తలుచుకుంటే మాత్రం ఇప్పటికీ ప్రాణం నెమ్మదిస్తుంది.

నా జ్వరం తగ్గిన కొన్నాళ్లకే అత్తయ్యకూ అదే పట్టుకుంది. ఒకరోజు వణికి, మర్నాడు ఒళ్లు తేలిగ్గా ఉందని చేట పట్టుకుంది. లాక్కున్నాను.

"ఇవాళ కూడా థాన్ హావ్ రోజే అత్తయ్యా, పడుకోండి."

"అదేంటే?"

సిస్టర్ చెప్పిందంతా చెప్పాను. అత్తయ్య మళ్లీ మంచమెక్కింది. "మా అత్త నన్నొక్కనాడూ పడుకోనివ్వలేదే" అని, మంచం మీద పక్కకు జరిగింది. నాకు జ్వరం లేదు. అయినా ఇవాళ పడుకోవాల్సిందేననుకుని ఆవిడ పక్కన నడుం వాల్చాను.

బడి నుంచి వచ్చిన మా ఆయన గుమ్మంలోనే నిలబడిపోయారు. "ఇద్దరూ పడుకుంటే వంటెవరు చేస్తారు?"

నేను లేవలేదు. దుప్పటిలోంచి అత్తయ్యే అంది:

"నీకు జ్వరం లేదుగా నాయనా."