బెంచీ మీంచి పడ్డ ఎనిమిది

ఆస్పత్రిలో ఆవిణ్ణి అందరూ కంప్యూటరమ్మ అనేవారు. రోగుల వివరాలు ఫైలుగా చేసి, దానంగా వచ్చిన కాలేయాలు కేటాయించే పెద్దాఫీసుకి పంపడం ఆవిడ పని. అక్కడి కంప్యూటరు మహా ముసలిది. ఒకసారి ఆగితే మళ్ళీ లేస్తుందో లేదోనని, దాని పక్కన వచ్చిన తుమ్ము కూడా మింగేసేవారట. రంగులూ గీతలూ దానికి గిట్టవు, ఉత్త అక్షరాలే కావాలి. అక్షరానికో గడి చొప్పున రక్తం గ్రూపుకిన్ని గళ్ళు, పేరుకిన్ని, చివర జబ్బు తీవ్రతకి రెండు. అది గళ్ళు లెక్కపెట్టుకుంటూ పోతుందంతే.

తీవ్రత అంకె ఎంత పెద్దదైతే కాలేయం అంత ముందు దక్కుతుంది. ఆవిడ మొగుడిది ముప్పై అయిదు. పై వార్డులో కళ్ళు పచ్చబడి పడున్నాడు.

మధ్యాహ్నం మరిది పరుగెత్తుకొచ్చాడు. కాలేయం దొరికిందట, అన్నయ్యే మొదట ఉన్నాడట, ఆపరేషన్ గౌను కూడా తొడిగేశారట. ఇదంతా వదిన ఫైలు చలవేననీ, ఇక రోజూ ఆ కీబోర్డుకి దండం పెడతాననీ ఊపిరాడకుండా చెప్పుకుపోతున్నాడు.

ఆవిడకి నవ్వు రాలేదు. అదే గ్రూపులో తీవ్రత ముప్పై ఎనిమిది ఉన్నావిడ ఒకతె ఉంది. పొద్దున్న ఆ అంకె కొట్టింది తనే. తాతముత్తాతలందర్నీ పేరులో మోసుకు తిరిగే మనిషి. నర్సు ఆ పేరు పిలవడం పూర్తయ్యేలోగా సెలైన్ సీసా ఖాళీ అయిపోయేదట. అందుకే పొడుగు పేరావిడ అనేవారు.

ఫైలు తెరిచి చూసింది. పేరు తన గళ్ళు దాటి ఒక గడి అవతలికి జరిగింది. నిండిన బెంచీ మీద ఒకడు జరిగితే చివరివాడు కిందపడ్డట్టు, ఎనిమిది రాలిపోయింది. ముసలి కంప్యూటరుకి మూడే కనబడింది.

మరిదికి చెప్పింది. వాడు గబుక్కున తలుపు దగ్గరకి వేశాడు.

"చూడనట్టు ఊరుకో వదినా. తప్పు ఆ ముసలిదానిది."

"పేరు కత్తిరించకుండా పంపింది నేనయ్యా."

అన్నయ్య ఈ వారం దాటడం కష్టమని డాక్టరన్న మాట గుర్తుచేశాడు. అన్నకిద్దామంటే తన కాలేయం సరిపడదన్న రోజు ఎలా ఏడ్చాడో చెప్పాడు. ఆ పొడుగు పేరావిడ మనకేమవుతుందని అడిగాడు. చివరికి మౌస్ మీద చెయ్యి అడ్డం పెట్టాడు.

ఆవిడ ఆ చేతిని తొయ్యలేదు. "రాలింది మీ అన్నయ్య అంకె అయ్యుంటే నేనేం చేసేదాన్ని?"

"ఆ ఆఫీసుని తగలబెట్టేదానివి," అన్నాడు వాడు, చెయ్యి తీస్తూ.

పెద్దాఫీసుకి ఫోన్ చేసి కేటాయింపు ఆపమంది. పొడుగు పేరులోంచి ఒక ముత్తాతని కోసేసింది. తెరమీద వేలు పెట్టి గళ్ళు లెక్కపెట్టింది. కళ్ళు చెమ్మగిల్లి లెక్క తప్పితే మళ్ళీ మొదలుపెట్టింది. పంపింది. ముసలి కంప్యూటరు కిక్కురుమనకుండా మింగేసి, పొడుగు పేరావిణ్ణి పైకెక్కించింది.

వార్డుకి వెళ్ళింది. ఇంకా తీసుకెళ్ళరేమిటని మొగుడు అడిగాడు. జరిగిందేదీ దాచకుండా చెప్పింది. ఆయన, గౌను ముడి విప్పమన్నట్టు, మెల్లిగా వీపు తిప్పాడు.

ఆవిడ ఎంత లాగినా ముడి ఊడిరాలేదు.

"పళ్ళతో లాగవే," అన్నాడాయన.