తాడు కదిలిందా?

మా తాఫిలాల్తు ఎడారి ఊళ్ళలో నీళ్ళు భూమి కింద సొరంగంలో నడుస్తాయి. బాగుచెయ్యాలంటే ఒకడు బావిలోంచి దిగాలి, ఒకడు పైన గిలక దగ్గర ఉండాలి. ఆ లోతుకి మాట అందదు. అందుకని గంపకో తాడు, సైగకో తాడు. సైగతాడు పైవాడి మణికట్టుకి చుట్టి ఉంటుంది. కిందివాడు సొరంగంలోకి తప్పుకుని రెండుసార్లు లాగితేనే సొరంగం గోడకి కట్టే రాళ్ళగంప దింపాలి.

రంజాన్ నాలుగో రోజు. మా చెల్లెలి మొగుడు సెక్కూ దిగబోతూ నా మొహం చూశాడు.

"ఏం బావా, కళ్ళు ఎర్రగా ఉన్నాయి? రాత్రి ఎవరి మేకల్ని తోలుకొచ్చావ్?"

"మూడు రాత్రులుగా పొలానికి నీళ్ళ వంతు. నిద్రెక్కడిది?"

"అయితే నువ్వే దిగు. కింద చల్లగా పడుకుందువుగాని."

"దిగవయ్యా. నీ నోరు కూడా ఉపవాసం ఉంటే బాగుండును."

మధ్యాహ్నం నమాజు దాటింది. మణికట్టు మీద తాడు రెండుసార్లు బిగిసింది. గంప వదిలాను.

మాట అందని లోతు నుంచి అరుపు మాత్రం అందింది.

సెక్కూ బతికాడు. భుజం నలిగింది, తలకి దెబ్బ. కళ్ళు తెరుస్తాడు, మాట లేదు.

మర్నాడు నీళ్ళ పెద్ద మిమూన్ తాత వచ్చాడు. మా కట్టుబాటు ప్రకారం, సైగ చేసి మళ్ళీ బావి కిందికి వచ్చినవాడిదే తప్పు. వాడినీ వాడి కొడుకుల్నీ ఇక సొరంగంలోకి దింపరు. సైగ లేకుండా గంప వదిలితే పైవాడికి గిలక పని పోతుంది.

"లాగాడా, ఇదీర్?"

"లాగాడు తాతా."

"రేపు మసీదు దగ్గర ప్రమాణం చెయ్యి."

చెల్లెలు తూదా గుమ్మంలో నిలబడి వింది. "నువ్వు అబద్ధమాడవు అన్నా. ఆయన తొందరపడే మనిషి కాదు. మరి తాడెవరు లాగారు?"

ఆ రోజు పొద్దువాలే వేళ పెరట్లో కూర్చున్నాను. సైగతాడు ఒక కొస మేకుకి కట్టి, రెండో కొస మణికట్టుకి చుట్టుకున్నాను. కళ్ళు మూసుకున్నాను. నాలుక పిడచకట్టుకుపోయింది. వంటింట్లోంచి చారు వాసన.

కొంతసేపటికి తాడు బిగిసింది. ఒకటి. రెండు.

కళ్ళు తెరిచాను. తాడు నేల మీద వదులుగా పడి ఉంది. దాని మీద చీమ ఒకటి నడుస్తోంది.

తాడు తీసుకుని వెళ్ళేసరికి మిమూన్ తాత ఖర్జూరం చేత్తో పట్టుకుని ఉపవాసం విడిచే బాంగు కోసం చూస్తున్నాడు.

"తాతా, సెక్కూ లాగలేదు. నా చెయ్యే అనుకుంది."

"చెయ్యి అనుకోవడమేంట్రా?"

"నిద్ర లేని చెయ్యి. లాగుతాడని చూసీ చూసీ, లాగాడనుకుంది."

తాత ఖర్జూరం పక్కన పెట్టాడు. "గిలక పోతుంది నీకు."

"తెలుసు."

సైగతాడు చుట్టచుట్టి ఆయన ముందు పెట్టాను. బాంగు వినబడింది.