పెద్ద చేతి పట్టీ

నేను ఒక బీపీ పట్టీని. చేతికి చుట్టి, గాలి కొట్టి రక్తపోటు చూస్తారే, ఆ గుడ్డ పట్టీని. అందులోనూ లావు చేతుల కోసం వెడల్పుగా కుట్టినదాన్ని. నన్ను కుట్టినామె "ఇది చాలామందికి పనికొస్తుంది" అంటూ డబ్బాలో పెట్టింది. పాపం, ఆమెకు ఆసుపత్రుల సంగతి తెలియదు. ఈ ఊరికి వచ్చిన రోజే నన్ను కవరు కూడా విప్పకుండా అద్దాల బీరువాలో పడేశారు. బల్ల మీద ఏలుబడి అంతా నా చెల్లెలిదే, చిన్న పట్టీది. లావు చేతికి దాన్ని బిగిస్తే లేని రక్తపోటు కూడా కనబడుతుంది. అయినా మనుషులు చెయ్యి లావంటారు తప్ప పట్టీ చిన్నదనరు.

కేస్లీబాయిని మొదటిసారి ఆ అద్దంలోంచే చూశాను. లంబాడా ఆడమనిషి. నెలల తరబడి రక్తస్రావం ఆగక, గోడ పట్టుకుని నడుస్తోంది. చేతులకు భుజాల దాకా తెల్ల గాజులు. మొగుడు పోతే తప్ప తియ్యని గాజులవి. ఫ్లోరా సిస్టర్ వాటి సందున నా చెల్లెల్ని ఇరికించి, వచ్చిన అంకె చెప్పింది. డాక్టరు తలెత్తలేదు. ముందు వచ్చినాయన్ని 'మీరు' అన్న నోరే ఇప్పుడు 'నువ్వు' అంది.

"ఇంత బీపీతో వైద్యం ఎట్లా? మీ తండాల్లో తిండికీ తాగుడికీ అదుపుండదు. బరువు తగ్గి రా."

ఆమె కల్లు ముట్టి ఎరగదు. అయినా తిండి మానేసింది. మానేసి, పత్తి చేలో కళ్ళు తిరిగి పడింది. మళ్ళీ వస్తే మళ్ళీ అదే మాట. రక్తం ఎందుకు పోతోందో మాత్రం ఎవరూ చూడలేదు. నాకు ఒళ్ళు మండిపోయేది. బీరువాలో ఉన్నదాన్ని, ఏం చెయ్యగలను?

ఆ తర్వాత వచ్చినప్పుడు ఆమె మొగుడు లాల్యాను వెంట తెచ్చుకుంది. వరండాలో కూర్చుని చెయ్యి చాపింది.

"పట్టీకి ఈ గాజులు అడ్డమొస్తున్నయేమో, నువ్వే తియ్యి. నువ్వు బతికుండంగ తీస్తే తప్పేంది?"

లాల్యా కొబ్బరినూనె రాసి ఒక్కో గాజూ తీశాడు. అప్పుడే అటు వచ్చిన వాళ్ళ తండా ధర్మీబాయి ఆ బోసి చెయ్యి చూసింది. అంతే, కేస్లీబాయి మెడ పట్టుకుని, చచ్చిపోయిన లాల్యా మంచితనమంతా రాగం తీసి ఏడవడం మొదలుపెట్టింది. గాజులు పట్టుకుని పక్కనే నిలబడ్డ లాల్యా, "వదినా, నేనీడనే ఉన్న" అన్నాడు. వరండా అంతా నవ్వింది. కేస్లీబాయి నవ్వలేదు, నేరుగా లోపలికి వచ్చింది.

బోసి చేతికీ నా చెల్లెలు అందలేదు. గాలి కొట్టగానే టప్పున ఊడింది. సిస్టర్ చెయ్యి వంక విసుగ్గా చూసింది.

"నా చెయ్యి దిక్కు చూడకమ్మా" అంది కేస్లీబాయి. "రవిక బిగుతైతే కుట్లిప్పుతరా, చెయ్యి కోస్తరా? పెద్ద పట్టీ తే. తెచ్చేదాంక ఈ కుర్చీ దిగ."

ఆమె దిగలేదు. వెనక వరస పెరిగింది, గొణుగుడూ పెరిగింది. చివరికి సిస్టర్ బీరువా తెరిచింది. ఆ చేతిని చుట్టుకున్నప్పుడు నా పుట్టుకకు అర్థం తెలిసింది. రక్తపోటు మామూలుగా ఉంది. డాక్టరు నమ్మక మళ్ళీ చూడమన్నాడు. మళ్ళీ అంతే.

"బరువు ముచ్చట తర్వాత చెప్పు సారూ, వింట. ముందు నా నెత్తురు సంగతి చూడు."

ఆయన మొదటిసారి తలెత్తాడు. "పడుకోండమ్మా, చూస్తాను" అన్నాడు. గర్భసంచిలో గడ్డ బయటపడింది, ఆపరేషనూ అయింది. ఇంటికి వెళ్ళే రోజు కేస్లీబాయి వార్డులోనే కూర్చుని లాల్యాతో గాజులు తొడిగించుకుంది.

ఇప్పుడు నేను బల్ల పక్క మేకుకు వేలాడుతున్నాను. వాడి వాడి నా అంచుల అంటుకునే పట్టు వదులైంది, రేపో మాపో చెత్తబుట్టలో వేస్తారు. వెయ్యండి, కాదనను. కానీ ముందు నాలాంటిదాన్ని ఇంకోటి తెచ్చి ఈ మేకుకే తగిలించండి. బీరువాలో పెట్టారో, కేస్లీబాయి ఆ కుర్చీలో కూర్చోవడం మరిచిపోలేదు.