ఫైనా ఇంటి మాస్కో గడియారం

లిసవ్కాలో ముందు పుట్టింది స్టేషను. ఆనక ఇంజన్లకి నీళ్ల ట్యాంకు, డ్రైవర్లకి ఇళ్లు, ఇళ్లకి పెళ్లాలు, చిట్టచివరికి మేం. అందుకే మా దగ్గర ఇంటింటా రెండు టైములు. బజారుకి ఊరి టైము, రైళ్లకి మాస్కో టైము. మాస్కో మాకంటే రెండు గంటలు వెనక. మొన్న వేసవిలో రైల్వేవాళ్లకి ఏం బుద్ధి పుట్టిందో, ఇకమీదట రైళ్లకి కూడా ఊరి టైమే అన్నారు.

ఆ మధ్యాహ్నం మా వీధి రిమ్మా అమ్మకానికి బుట్టనిండా పిరోష్కీలు, అదే క్యాబేజీ కూరిన రొట్టెలు, పెట్టుకుని ప్లాట్‌ఫామ్ మీద నిలబడింది. తూర్పు నుంచి బండొచ్చి ఆగింది. మూడో పెట్టె తలుపులో ఓ పెద్దావిడ మెడ చాచి జనంలో వెతుకుతోంది. చేతిలో ఫోనుంది గానీ అవతల ఎత్తే దిక్కు లేదు. ఆ ముక్కు చూడగానే రిమ్మాకి తెలిసిపోయింది. అచ్చం ఫైనా ముక్కే! వ్లదివోస్తోక్ నుంచి ఫైనా చెల్లెలు ల్యూబా ఈ బండిలో పోతోందని వారంగా వీధంతా అదే మాట. అక్కాచెల్లెళ్లు కళ్లారా చూసుకుని ఏళ్లయింది. మరి ఫైనా ఏదీ?

"ఓరి దేవుడా, గడియారం!" అంది రిమ్మా పైకే.

ఫైనా మొగుడు జహార్ ఇంజన్ డ్రైవరు. వంటింటి గోడ గడియారానికి అతను పెట్టింది మాస్కో టైము, అతను పోయాక దాన్ని ముట్టుకున్నవాళ్లు లేరు. రైలు రెండింటికి అంటే ఫైనాకి ఆ గడియారంలో రెండే. మోకాళ్లు పట్టేసి ప్లాట్‌ఫామ్ అమ్మకం మానేశాక ఆవిడకి టైము మారిన సంగతి ఎవరు చెప్తారు?

రిమ్మా అసలే చెప్పదు. ఇద్దరికీ మాటల్లేవు. లాంతరు స్తంభం కింద అమ్ముకునే చోటు నాదంటే నాదని మొదలైన తగువు, "నీ పిరోష్కీలో క్యాబేజీ వెతకాలంటే లాంతరు పట్టుకోవాలే" అని ఫైనా పదిమందిలో అనడంతో ముదిరింది. నాకెందుకొచ్చిన గొడవ అనుకుంది రిమ్మా. కానీ ల్యూబా కళ్లు తుడుచుకోవడం చూశాక మనసొప్పలేదు. బుట్ట తీసి ఆవిడ చేతుల్లో కుక్కేసింది.

"మీ అక్క పంపింది, తినమ్మా! దిగకు, బండి ఆట్టే ఆగదు. నేను మీ అక్కని లాక్కొస్తా!"

వంతెన ఎక్కి దిగి, రొప్పుతూ ఫైనా ఇంటి తలుపు తోసింది. పక్కగదిలో ఫోను మోగుతున్నా వినిపించుకోకుండా ఫైనా కూనిరాగం తీస్తూ పిండి ఒత్తుతోంది.

"ఒసేయ్, బండొచ్చేసిందే!"

"నీకు మతి పోయిందా? ఇంకా రెండు గంటలుంది, చూడు."

"అది మాస్కో టైమే, పిచ్చిమొహమా! రైళ్లు ఇప్పుడు ఊరి టైముకే నడుస్తున్నాయి!"

ఫైనా పిండిముద్ద అక్కడే పడేసింది. ఏప్రన్ తోనే, పిండి చేతులతోనే పరిగెత్తింది. రిమ్మా ఆవిడ రెక్క పట్టుకుని ఈడ్చింది. వంతెన దిగేసరికి బండి కదులుతోంది. పెట్టెలో పనిచేసే అమ్మాయి తలుపు వెయ్యకుండా ల్యూబాని వెనకనుంచి పట్టుకుని నిలబడింది. ఫైనా చెల్లెలి చెయ్యి అందుకుని, పట్టుకున్నంత దూరం పట్టుకుంది.

"అక్కా, అదే రుచి! అమ్మ చేసినట్టే ఉన్నాయే!" ల్యూబా నోట్లో పిరోష్కీ, కళ్లనిండా నీళ్లు.

"తిను తల్లీ, తిను!" అని అరిచింది ఫైనా. చేతులు విడిపోయాయి.

బండి కనుమరుగయ్యాక ఫైనా ఏప్రన్ తో ముక్కు తుడుచుకుంది.

"నీవేనా అవి?"

"నావే."

"అమ్మ చేసినట్టున్నాయంటోంది."

"విన్నాలే."

"ఆకలి మీదుంది పాపం."

రిమ్మాకి నవ్వాగలేదు. ఫైనా కూడా ఏడుస్తూనే నవ్వేసింది. వంతెన మెట్ల దగ్గర రిమ్మా చెయ్యి అందిస్తూ, "ఇంటికెళ్లగానే ఆ గడియారం తిప్పెయ్యవే" అంది.

"తిప్పను. అది జహార్ పెట్టిన టైము." ఫైనా ఆ చేతిమీద బరువంతా వేసి మెట్టెక్కింది. "చెల్లి తిరుగు బండికి నువ్వొచ్చి పిలువు."